రెండో పూత

కుడి భుజం పట్టేసి ఎనిమిది నెలలు.
చెయ్యి చెవి దాకా లేస్తుంది,
ఆ పైన తాళం వేసిన ఇల్లు.
జాకెట్లు కుట్టే చెయ్యి,
వీధి వీధంతటి వీపుల కొలతలూ తెలుసు దానికి,
నా మెడ వెనక్కి మాత్రం పోలేదు.

పోయినేడు బజారు రంగు వేసుకుంటే
కణతల మీద దద్దుర్లు లేచి
మూడు రోజులు కళ్ళు తెరవలేదు.
పారిస్ దగ్గర నాటు మందుల కొట్టు శెట్టిగారు
మా యాసలోనే అడిగాడు,
"ఎరుపు కావాలామ్మా, నలుపా?"
నలుపన్నాను.
"అయితే రెండు పొట్లాలు. ముందు గోరింట, తర్వాత నీలి.
తొందరపడ్డావో, నలుపు నీ దగ్గరికి రాదు."

ఈయనకి ఆ మాట ఎంత నచ్చిందో!
ముప్ఫై రెండేళ్ళు కోచ్ ఫ్యాక్టరీ పెయింటు షాపులో చేసిన మనిషి.
"అదే గదా మేం చేసింది.
ముందు ప్రైమరు, ఆరినాక పైపూత.
ప్రైమరు పట్టకపోతే
విల్లుపురం దాటకముందే పెచ్చులూడుతుంది."

శనివారం రాత్రి ఇనప మూకుట్లో
టీ డికాక్షను పోసి, నిమ్మకాయ పిండి
గోరింట పొడి కలిపి మూత పెట్టాను.
తడిసిన గడ్డివామి వాసన.
ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడనేది అమ్మ.
నా అరచేతిలో ఎప్పుడూ
లేత నారింజ దాటి పండలేదు.

నీళ్ళ లారీ ఆదివారం తొమ్మిదింటికి.
పెరంబూరులో తలంటుకి ముహూర్తం
పంచాంగం పెట్టదు, లారీ డ్రైవరు పెడతాడు.

మిద్దె మీద స్టూలు. మెడ చుట్టూ చిరిగిన లుంగీ.
పాత టూత్ బ్రష్షు పట్టుకుని ఈయన
పాయ తీసి, పాయ తీసి
అంచు నుంచి అంచుకి ఒకే వైపు గీస్తాడు.
ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో
నా పాపిట మొదలయ్యే చోట బొట్టు చూశాడు గానీ
ముగిసే చోటు ఇప్పుడే చూస్తున్నాడు.
"ఇక్కడ నీకో మచ్చుంది" అన్నాడు, చెవి వెనక.
యాభై మూడేళ్ళుగా నాకు తెలియని మచ్చ.
"ఎంత?"
"కందిగింజంత."
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
పక్క మిద్దె మీద వడియాలు తిరగేస్తున్న కుప్పమ్మాళ్
కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లారీ రాలేదు.
పది. పదకొండున్నర.
గోరింట ఎండి బిగిసి
నెత్తిన మట్టి చట్టి బోర్లించినట్టుంది.
దాని మీద ప్లాస్టిక్ కవరు,
కవరు మీద చీరల కొట్టు పేరు తలకిందులుగా.
కింద బిందెల వరస మలుపు దాకా పోయింది.
మా ఆకుపచ్చది ఐదోది.

ఒంటిగంటకి
డ్రమ్ము అడుగున మిగిలిన మూడు చెంబులతో కడిగాడు,
చెంబు చెంబుకీ తిట్టుకుంటూ.
నీలి కలిపితే పావుగంటే దాని ప్రాణం,
కడగడానికి నాలుగు బిందెలు కావాలి.
ఆ పొట్లం బియ్యం డబ్బా మీద పొట్లంగానే ఉండిపోయింది.

అద్దంలో చూసుకుంటే
నల్లవి నల్లగానే ఉన్నాయి.
తెల్లవే, ఒక్కొక్కటీ, నిప్పంటుకున్నట్టు.
ఎన్ని నెరిశాయో దాచాలని కదా ఇదంతా.
ఇప్పుడు ప్రతిదాన్నీ
పేరు పెట్టి పిలిచి నిలబెట్టినట్టుంది.

"సగంలో ఆపేసిన బోగీ" అన్నాను.
ఈయన తల పక్కకి వంచి
షెడ్డులోంచి బయటికొచ్చిన బండిని చూసినట్టు చూసి
"ప్రైమరు బాగా పట్టింది" అన్నాడు.
ఇంతకన్నా పొగడటం రాదు ఆయనకి.

సోమవారం కొలతలకొచ్చిన ఏంజెల్ రాణి
"ఏ పార్లర్ ఆంటీ?" అంది.
నోటినిండా గుండుసూదులు, జవాబు చెప్పలేకపోయాను.

లారీ మంగళవారం వచ్చింది.
బిందెలన్నీ నిండాయి.
పొట్లం వంక ఒకసారి చూసి
బియ్యం తీసుకుని మూత పెట్టేశాను.

టీ కొట్టు దగ్గర పాత షాపు వాళ్ళు
"ఏం రాయుడన్నా, ఆ గోళ్ళేంటి?" అని పట్టుకున్నారట.
గ్లవుజులు తొడుక్కోనన్న మొండి మనిషి
పది వేళ్ళూ బల్ల మీద పరిచి
"తల పండింది మా ఆవిడకి, వేళ్ళు పండాయి నాకు" అన్నాడట.

ఎంత ఎరుపని నేనడగలేదు.
రాత్రి అన్నం కలుపుతుంటే చూశాను.